ఒక అర్జీ, ఒక నర్సమ్మ, వందేళ్ల చట్టం

పోయిన నెల రైలు మార్గాల గురించి రాసినప్పుడు ఇంకో నాలుగు వారాలు ఏమీ రాయనని చెప్పినాను. ఆ మాట నిలబెట్టుకోలేకపోయినాను. కారణం మీకు తెలుసు. పది దినాల క్రితం మన గుంపులో ఒక నర్సమ్మ ఫోటో వచ్చింది. దాని కింద "నిర్లక్ష్యం, ఉద్యోగం ఊడగొట్టాలి" అని రాసి ఉంది. అరవై మందికి పైగా దానికి చేతులు జోడించినారు, కోపం బొమ్మలు పెట్టినారు. ఆ రాత్రే ఫోటో పెట్టిన తమ్ముడు నాకు ఫోను చేసి, "అన్నా, నీ అరవం బాగుంటుంది, కలెక్టరాఫీసుకు ఒక అర్జీ రాసియ్యి" అన్నాడు.

నేను రాయలేదు. ఎందుకు రాయలేదో ఫోనులో చెప్పేంత చిన్న మాట కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. తీరిక ఉన్నప్పుడు చదవండి. నేను అరవ బడిలో చదివినవాణ్ణి. తెలుగు అక్షరాలు నలభై దాటినాక నేర్చుకున్నాను. తప్పులుంటే పెద్దమనసుతో దిద్దండి.

ముందు జరిగింది జరిగినట్టు చెప్తాను. తమ్ముడి అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. కాలు విరిగి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చినారు. రాత్రి పదకొండుకు నొప్పి ఎక్కువైంది. తమ్ముడు డాక్టరుకు ఫోను చేస్తే, "ఇంజెక్షను వెయ్యమని చెప్పు" అన్నాడంట. వార్డులో ఉన్న నర్సమ్మ, "రాతపూర్వకంగా లేనిది నేను వెయ్యలేను, డ్యూటీ డాక్టరు వచ్చి రాయాలి" అంది. డ్యూటీ డాక్టరు ఇంకో అంతస్తులో ఉన్నాడు. ఆయన వచ్చి, చూసి, రాసి, సూది పడేటప్పటికి నలభై నిముషాలైంది. ఆ నలభై నిముషాలు ఆ తల్లి అరిచింది. కన్నకొడుకు కళ్ల ముందర అది జరిగింది. అతని కోపాన్ని నేను తప్పు పట్టను. నా తల్లి అయినా నాకూ కోపం వస్తుంది.

అయితే ఆ నర్సమ్మ చేసింది నిర్లక్ష్యమా? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మంత్రసాని నుంచి రిజిస్టరు దాకా

మా అవ్వ కాలంలో మన మొరసునాడు ఊళ్లలో నర్సు అనే మాటే లేదు. మంత్రసాని ఉండేది. కాన్పు ఆమె చేతిలో, పసిబిడ్డ స్నానం ఆమె చేతిలో, బొడ్డు కోయడం ఆమె చేతిలో. కూలీ అంటే చాటెడు రాగులు, ఒక పాత చీర. బిడ్డ బతికితే ఆమె చేతి చలువ, చచ్చిపోతే అమ్మవారి కోపం. ఆమెను ఎవరూ లెక్క అడిగేవారు కాదు, ఆమె ఎవరికీ లెక్క చెప్పేది కాదు. ఆమె దగ్గర చాలా తెలివి ఉండేది, దాన్ని నేను చిన్నచూపు చూడను. కాని తప్పు జరిగితే అది తప్పని తేల్చే చోటు ఒకటి లేదు.

మద్రాసులో మాత్రం పని వేరేగా మొదలైంది. ఎగ్మోరు కాన్పుల ఆసుపత్రి 1844లో వచ్చింది. 1854లో మంత్రసానులకు శిక్షణ ఇచ్చే బడికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. 1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ మొదలైంది. అందులో మొదట చేరినవాళ్లు అంతకు ముందే కాన్పుల పని నేర్చి పట్టా పొందిన ఆడవాళ్లు. అప్పటికి ఇంగ్లాండులో ఫ్లారెన్స్ నైటింగేల్ బడి పెట్టి పదకొండేళ్లే అయింది. అంటే మద్రాసు మరీ వెనకబడి లేదు. 1885లో మద్రాసులో గోషా ఆసుపత్రి వచ్చింది. మగ డాక్టరు ముందుకు రాని ఇళ్ల ఆడవాళ్ల కోసం పెట్టిన ఆసుపత్రి అది. మనకు దగ్గరలోని వేలూరులో ఐడా స్కడర్ 1909లో నర్సుల బడి పెట్టింది. ఆంధ్ర వైపు గుంటూరులో అన్నా కుగ్లర్ ఆసుపత్రి 1898లో తెరిచినారు.

ఆ కాలంలో నర్సుకు నేర్పిన ధర్మం ఏమిటంటే, డాక్టరు చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. విధేయతే ఆమె నీతి. 1893లో అమెరికాలోని డెట్రాయిటులో నైటింగేల్ పేరుతో ఒక ప్రమాణం రాసినారు. ఇప్పటికీ మన నర్సింగు కళాశాలల్లో పిల్లలు దీపం పట్టుకుని అట్లాంటి ప్రమాణం చేస్తారు. ఆ పాత ప్రమాణంలో కూడా హాని చేసే మందు తెలిసి ఇవ్వనని, ఇళ్లలో విన్న రహస్యాలు బయట పెట్టనని ఉంది. దాంతోపాటు డాక్టరుకు సాయంగా విశ్వాసంగా ఉంటాననీ ఉంది. ఈ రెండూ ఎదురెదురు పడినప్పుడు ఏది ముందు? ఆ ప్రశ్నకు జవాబు రావడానికి ఇంకా ఎనభై ఏళ్లు పట్టింది.

చట్టం వచ్చింది 1926లో. మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టం అని పేరు. ఈ సంవత్సరం, 2026తో, దానికి వందేళ్లు. మన గుంపులో ఎవరూ దీన్ని గుర్తు చేసుకోలేదు, నేనూ ఈ గొడవ రాకపోతే గుర్తు చేసుకునేవాణ్ణి కాదు. అప్పుడు హోసూరు, కృష్ణగిరి రెండూ సేలం జిల్లాలో తాలూకాలు. కాబట్టి ఆ చట్టం మనకు వర్తించింది. అత్తిబెలె దాటితే మైసూరు మహారాజు రాజ్యం, అక్కడ ఈ చట్టం లేదు. గుంటూరు, నెల్లూరు, కర్నూలు అప్పుడు మద్రాసు రాజధానిలోనివే కాబట్టి వాళ్లకూ ఇదే చట్టం. 1953లో ఆంధ్ర రాష్ట్రం వేరుపడినా ఆ 1926 చట్టాన్నే పేరు మార్చి పెట్టుకున్నారు. సరిహద్దు గీసినప్పుడు మనం ఇటు ఉండిపోయినాము. నర్సమ్మల చట్టం మాత్రం రెండు వైపులా ఒకటే నడిచింది.

ఆ చట్టం చేసిన ముఖ్యమైన పని ఒకటే. ఒక రిజిస్టరు పెట్టింది. శిక్షణ పొంది, పరీక్ష పాసైనవాళ్ల పేరు అందులో ఎక్కాలి. దాన్ని చూసుకోవడానికి ఒక కౌన్సిలు. తప్పు నడతకు పేరు కొట్టివేసే అధికారం ఆ కౌన్సిలుకు ఉంది. రిజిస్టరంటే ఏమిటో రైల్వే గుమాస్తాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పేరు ఎక్కిన రోజు నుంచి నువ్వు జవాబుదారీ. మంత్రసానికి లేనిదీ, నర్సుకు వచ్చిందీ అదే. ఆమె చదువు కంటే, తెల్లబట్టల కంటే, ఆ జవాబుదారీతనమే పెద్ద మార్పు.

1946లో భోర్ కమిటీ నివేదిక వచ్చేనాటికి దేశం మొత్తం మీద నర్సులు సుమారు ఏడు వేలు. 43,000 మందికి ఒక నర్సు. బ్రిటన్‌లో అప్పుడు 300 మందికి ఒకరు. ఆ ఏడే ఢిల్లీలోనూ వేలూరులోనూ నర్సింగులో డిగ్రీ చదువు మొదలైంది. 1947లో ఇండియన్ నర్సింగు కౌన్సిల్ చట్టం వచ్చింది. 2023లో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషను చట్టం చేసింది. దేశమంతటికీ ఒక రిజిస్టరు, వృత్తి నీతికి ఒక ప్రమాణం ఉండాలనేది దాని ఉద్దేశం.

ఇక ఆ పాత ప్రశ్న. డాక్టరు ముందా, రోగి ముందా? ప్రపంచ నర్సుల సంఘం 1953లో నీతి నియమావళి ఒకటి చేసింది. 1973లో దాన్ని తిరగరాసినప్పుడు, నర్సు మొదటి బాధ్యత సేవ అవసరమైన మనిషి పట్లే అని మార్చినారు. చిన్న వాక్యమే, కాని నర్సు ఎవరికి జవాబు చెప్పాలో అదే మార్చేసింది. అప్పటి నుంచి "డాక్టరు చెప్పినాడు, నేను చేసినాను" అన్నది నర్సుకు పూర్తి జవాబు కాకుండా పోయింది. ఆదేశం తప్పుగా కనిపిస్తే అడగాలి. స్పష్టంగా లేకపోతే రాయించుకోవాలి. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం, ఈ ఐదూ చూసుకున్నాకే సూది పట్టాలి. అయినాక రాసిపెట్టాలి.

నేను పార్సిలు, బుకింగు గుమాస్తాగా చేసినాను, స్టేషను మాస్టరును కాను. కాని ముప్పై ఏళ్లు వాళ్ల పక్క బల్లలో కూర్చున్నాను. పక్క స్టేషను నుంచి బండికి లైను క్లియరు అడిగితే నోటి మాటతో సరిపోదు. ప్రైవేటు నంబరు ఒకటి చెప్పాలి, ఇటువైపు మాస్టరు దాన్ని తిరిగి చెప్పాలి, రిజిస్టరులో ఎక్కించాలి. బండి నిండా జనం, బయట వాన, డ్రైవరు హారను కొడుతూ ఉంటాడు. అయినా నంబరు లేకుండా బండి కదలదు. ప్రయాణికులు తిట్టుకుంటారు. ఆ తిట్లు తిన్న మాస్టరు వల్లే వాళ్లు ఇంటికి చేరుతారు. ఫోనులో, అదీ కొడుకు నోటి ద్వారా వచ్చిన మందు మాటకు ఆ రాత్రి నర్సమ్మ కదలకపోవడం నాకు అట్లా కనిపించింది. ఇచ్చి ఉంటే ఏమయ్యేదో మనకు తెలీదు. ఏమీ కాకపోవచ్చు కూడా. ప్రాణాపాయం ఉన్న వేళ నోటి మాట మీద మందు ఇవ్వచ్చు, అప్పుడు కూడా డాక్టరు నుంచి నేరుగా వినాలి, రాసుకోవాలి, తిరిగి చదివి వినిపించాలి, తరువాత డాక్టరు సంతకం పెట్టాలి.

కోర్టు మెట్ల మీద

ఇట్లా చేయకపోతే ఏమవుతుందో చూపే కేసు ఒకటి ఉంది. 1998లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఢిల్లీలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో టైఫాయిడుతో ఒక పిల్లవాణ్ణి చేర్చినారు. నర్సు ఒక ఇంజెక్షను నరంలోకి ఇచ్చింది. ఆ క్షణమే పిల్లవాడు కుప్పకూలినాడు. ప్రాణం నిలిచింది కాని మెదడు దెబ్బతినింది. విచారణలో తేలిందేమంటే ఆ నర్సు పేరు ఏ రాష్ట్రం రిజిస్టరులోనూ లేదు. పిల్లవాడికి పన్నెండున్నర లక్షలు, తల్లిదండ్రులకు ఐదు లక్షలు పరిహారం ఇవ్వాలని జాతీయ కమిషను చెప్పింది, సుప్రీంకోర్టు ఒప్పుకుంది. తానే వెయ్యాల్సిన సూదిని నర్సు చేతికి వదిలేసిన డాక్టరు మీదా తప్పు ఉందని, అర్హత లేని మనిషిని పనిలో పెట్టుకున్న ఆసుపత్రి బాధ్యత తప్పించుకోలేదని తేల్చింది.

ఈ తీర్పును రెండు వైపుల నుంచి చదవాలి. తప్పు చేతి నుంచి జరిగినా, ఆ చేతిని అక్కడ పెట్టినవాడు కూడా జవాబు చెప్పాలి. మనం మాత్రం ఎప్పుడూ చేతి ఫోటోనే తీస్తాము. ఆసుపత్రి యజమాని ఫోటో మన గుంపులో ఒక్కసారైనా వచ్చిందా? రాత్రి పూట ఒక వార్డుకు ఎంతమంది నర్సులుండాలి, ఎంతమందిని పెట్టినారు అని ఎవరైనా అడిగినారా? 2016లో సుప్రీంకోర్టు మాట మీద వేసిన కమిటీ ప్రైవేటు నర్సుల జీతం గురించి సిఫార్సు చేసింది. యాభై పడకల లోపు ఆసుపత్రిలో కూడా నెలకు 20,000 కంటే తగ్గకూడదని, రెండు వందల పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని చెప్పింది. మన చుట్టాల పిల్లలు ఎంతోమంది నర్సింగు చదివి ఇక్కడా బెంగళూరులోనూ పని చేస్తున్నారు. వాళ్ల చేతికి ఎంత వస్తుందో ఇంట్లో అడిగి చూడండి.

1995లో సుప్రీంకోర్టు డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని చెప్పింది. 2005లో ఇంకో తీర్పులో, వైద్యంలో జరిగిన ప్రతి పొరపాటూ నేరం కాదు, మరీ ఘోరమైన నిర్లక్ష్యం ఉంటేనే క్రిమినల్ కేసు అని చెప్పింది. అంటే నష్టపరిహారం ఒక దారి, జైలు ఇంకో దారి. కోపంలో మనం రెండూ కలిపేస్తాము.

సెవిలి అనే మాట

అరవంలో నర్సును సెవిలియర్ అంటారు. మా బడి పాఠాల్లో సెవిలిత్తాయ్ అని వచ్చేది. పాత అరవ కావ్యాల్లో నాయికను ఎత్తుకుని పెంచిన తల్లి ఆమె. కన్నతల్లి కాదు, కాని కన్నతల్లికి చెప్పుకోలేనిది ఆమెకు చెప్పుకోవచ్చు. నర్సుకు ఆ పేరు పెట్టినవాళ్లు ఎవరో కాని బాగా ఆలోచించినారు. ఊళ్లకు వచ్చే నర్సమ్మను గ్రామ సుగాదార సెవిలియర్ అంటారు. మైదానంలో ఐదు వేల మందికి ఒకరు, కొండ ఊళ్లలో మూడు వేల మందికి ఒకరు అని లెక్క. అంచెట్టి, తళి వైపు ఊళ్లలో ఆమె నడిచే దూరం ఆ లెక్కలో కనిపించదు.

ఇప్పుడు చెప్పబోయేది మనకు సిగ్గుచేటు. అయినా చెప్పాలి. కృష్ణగిరి 2004 ఫిబ్రవరి దాకా ధర్మపురి జిల్లాలో భాగం. 1980లు, 90లలో ఉసిలంపట్టి, సేలం, ధర్మపురి పేర్లు దేశమంతా ఎందుకు తెలిసినాయో పెద్దవాళ్లకు గుర్తుండాలి. పుట్టిన ఆడబిడ్డలను బతకనీయకపోవడం వల్ల. 1992లో ప్రభుత్వం సేలంలో తొట్టిల బిడ్డల పథకం పెట్టింది. వద్దనుకున్న బిడ్డను చంపకండి, ఈ తొట్టిలలో వేసి పోండి అని. తరువాత అది ధర్మపురికీ వచ్చింది. 1994లో గర్భంలో ఆడా మగా చూడకూడదనే చట్టం పార్లమెంటు చేసింది. 2001 జనాభా లెక్కల్లో ఆరేళ్ల లోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు రాష్ట్రంలో 942 మంది ఆడపిల్లలుంటే, ధర్మపురి జిల్లాలో 826 మంది. ఆ లెక్క ఒక కులానిది, ఒక భాషదని మనం తప్పించుకోలేము. మన తెలుగు ఇళ్లు కూడా ఆ జిల్లాలోనే ఉన్నాయి.

ఇది బయటికి ఎట్లా వచ్చిందో తెలుసా? ఊరి నర్సమ్మల రిజిస్టర్ల వల్ల. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో శిశు మరణాలకు కారణం రాయాలి. జ్వరం, నెల తక్కువ కాన్పు, ఇట్లా. ఏ జబ్బూ లేని ఆడబిడ్డ మూడో రోజో, ఐదో రోజో పోతే నర్సమ్మ ఏమి రాయాలి? ఇంటివాళ్లు చెప్పిన "పాలు పొలమారింది" రాయాలా? చూడని హత్యను రాయాలా? ఆ రిజిస్టర్లలో "సామాజిక కారణాలు" అని ఒక మాట వాడుకలోకి వచ్చింది. ఎవరినీ పేరు పెట్టి నిందించని మాట. అబద్ధం కూడా కాని మాట. అధికారి షీలారాణి చుంకత్, ఆచార్యులు వెంకటేశ్ ఆత్రేయ ఆ రిజిస్టర్ల లెక్కలు తీసి 1997లో వ్యాసం రాసినారు. ఏ జిల్లాలో ఎంత జరుగుతున్నదో అప్పుడు లెక్కగా కనిపించింది. దాని మీద 1997 నుంచి 1999 దాకా ధర్మపురి జిల్లాలో ఊరూరా వీధి నాటకాలు ఆడినారు. కలైపయణం అని పేరు. మీలో కొందరు చూసి ఉంటారు. 2011 లెక్కల్లో ఈ ప్రాంతంలో ఆ అంకె 900 దాటింది.

ఆ నర్సమ్మల స్థితి ఆలోచించండి. వాళ్లూ ఆ ఊరిలోనే ఉండాలి. అదే ఇంటికి మళ్లీ టీకా వెయ్యడానికి పోవాలి. పోలీసుకు చెప్తే ఆ ఊరిలో ఇంకో గర్భిణి ఆమెను ఇంట్లోకి రానివ్వదు. చెప్పకపోతే తన మనసుకు జవాబు లేదు. ఇంటి రహస్యం కాపాడడం ఒక ధర్మం, పసిబిడ్డ ప్రాణం కాపాడడం ఇంకో ధర్మం. పుస్తకంలో చదివితే రెండో ధర్మమే పెద్దదని ఎవరైనా చెప్తారు. రాత్రి ఒంటరిగా ఆ ఊరి సబ్ సెంటరులో పడుకున్నప్పుడు చెప్పాలి.

నేను రాసిన అర్జీ

1993లో నాకు ముప్పై మూడేళ్లు. మా దూరపు చుట్టాల ఊరొకటి, పేరు చెప్పను. అక్కడ ఒక ఇంట్లో మూడో ఆడపిల్ల పుట్టింది. ఊరి నర్సమ్మ మొదటి రోజు నుంచి దినం తప్పకుండా వచ్చేది. బిడ్డను ఎత్తుకునేది, తూకం వేసేది, పాలు తాగుతున్నదా అని అడిగేది, రాసుకుని పోయేది. వారానికి ఒకసారి రావాల్సింది దినమూ వస్తున్నదంటే ఎందుకో ఊరికి తెలుసు. ఇంటివాళ్లకు అవమానమైంది. "మమ్మల్ని హంతకులనుకుంటున్నదా" అన్నారు.

నా అరవం అప్పటికే చుట్టాల్లో పేరు పొందింది. ఏ మను రాయాలన్నా నా దగ్గరికి వచ్చేవాళ్లు. ఆ ఇంటి పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. నేను వివరం అడిగినాను. ఆమె మర్యాద లేకుండా మాట్లాడుతుంది అన్నాడు. అది ఒక్కటే అయితే చాలదు అని నేనే అన్నాను. అప్పుడు ఆయన, "డబ్బు అడుగుతుందని రాయి" అన్నాడు. అడిగిందా అని నేను అడగలేదు. రాసినాను. రెండు పేజీలు, తప్పు లేని అరవం, మంచి దస్తూరి. కింద ఏడుగురి వేలిముద్రలు. రెండు నెలల్లో ఆమెను వేరే చోటికి మార్చినారు. నా అర్జీ వల్లేనా, మామూలు బదిలీయా నాకు తెలీదు. ఆ ఊరిలో మాత్రం నా వల్లే అని మెచ్చుకున్నారు. ఆ ఏడు పెళ్లికి పోతే నాకు ముందు వరసలో ఆకు వేసినారు.

ఆ మూడో బిడ్డ బతికింది. చదువుకుంది, పెళ్లైంది, ఇద్దరు పిల్లలు. పోయిన సంక్రాంతికి కనిపించి "బాగున్నావా మామా" అని పలకరించింది. ఆ పలకరింపుకు నేను తల ఎత్తి సమాధానం చెప్పలేకపోయినాను. ఆ అరవై దినాలు ఒక మనిషి తిట్లు తింటూ ఆ గడప తొక్కింది. నర్సమ్మ పోయినాక ఆ ఊరిలో పుట్టిన మిగతా బిడ్డల సంగతి నేను ఎవరినీ అడగలేదు. కలైపయణం నాటకం మా వైపు వచ్చినప్పుడు నేను డ్యూటీ ఉందని చెప్పి పోలేదు. డ్యూటీ లేదు.

ఆమె పేరు నేను ఆ కాగితంలో మూడు చోట్ల రాసినాను. ఇప్పటికీ మరిచిపోలేదు.

అందుకే తమ్ముడూ, నువ్వు ఫోను చేసిన రాత్రి నేను రాయనన్నాను. అర్జీ రాయడం నాకు చేత కాక కాదు.

ఇప్పుడు ఏమి చేద్దాము

మరుసటి దినం నేను ఆసుపత్రికి పోయి ఆ తల్లిని చూసినాను. ఆమె నాతో ఒక మాట చెప్పింది. "నొప్పి ఓర్చుకున్నాను నాయనా, ఏమి చేస్తున్నారో ఎవరూ నాకు చెప్పలేదు. అందరూ అరవంలోనో, ఇంగ్లీషులోనో మాట్లాడుకుంటున్నారు." ఆమెకు అరవం అంగట్లో బేరానికి సరిపోయేంతే వస్తుంది. ఆపరేషను ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. అందులో ఏముందో ఆమెకు తెలీదు, కొడుకుకూ సరిగా తెలీదు. 2008లో సుప్రీంకోర్టు రోగి ఒప్పుదల గురించి ఒక కేసులో స్పష్టంగా చెప్పింది. ఏమి చేస్తారు, ఎందుకు, ప్రమాదమేమిటి, వేరే దారి ఉందా అని తెలిపినాక ఇచ్చిందే ఒప్పుదల. తెలియని భాషలో కాగితం మీద వేసిన వేలిముద్ర ఒప్పుదల ఎట్లా అవుతుంది?

నిజంగా ఫిర్యాదు చేయాల్సింది ఇక్కడ. నలభై నిముషాలు డ్యూటీ డాక్టరు ఎందుకు రాలేదు? నొప్పి మందు ముందుగానే ఎందుకు రాసి పెట్టలేదు? హోసూరు ఆసుపత్రిలో తెలుగులో చెప్పే మనిషి ఒక్కరైనా రాత్రి పూట ఎందుకు లేరు? ఈ మూడింటికీ జవాబు చెప్పాల్సింది ఆ నర్సమ్మ కాదు.

ఇంకో సంగతి కూడా గమనించినాను. ఆ పక్క వార్డులో ఒక చిన్న వయసు నర్సమ్మ ఒక ముసలాయనతో మన యాసలో తెలుగు మాట్లాడుతున్నది. వేపనపల్లి వైపు పిల్ల అంట. ఆయన మందు మింగనని మొండికేస్తుంటే, "తాతా, ఇది చేదు లేదప్పా, నేను చెప్తుండా కదా" అంటున్నది. ఆయన మింగినాడు. నీతి నియమావళి ఏ భాషలో అచ్చు వేసినా అది పనిచేసేది ఇట్లా.

నర్సుల గురించి మాట్లాడేటప్పుడు నాకు ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రి గుర్తుకొస్తుంది. 1973 నవంబరులో అక్కడి నర్సు అరుణా శాన్‌బాగ్ మీద ఆసుపత్రిలోనే పనిచేసేవాడు దాడి చేసినాడు. ఆమె మళ్లీ తెలివిలోకి రాలేదు. 2015 మే 18న పోయేదాకా, నలభై ఒక్క ఏళ్లకు పైగా, ఆ ఆసుపత్రి నర్సులు తరం వెంట తరం ఆమెను చూసుకున్నారు. ఆమెకు ఆహారం ఆపి పోనివ్వాలని ఒకరు కోర్టుకు పోతే, నర్సులు ఒప్పుకోలేదు. 2011లో సుప్రీంకోర్టు వాళ్ల మాటకు విలువ ఇచ్చింది. ఆమెను బతికించడం సరైనదా కాదా అని ఇప్పటికీ వాదాలున్నాయి, నేను అందులోకి పోను. ఏ చట్టం చెప్పిందని వాళ్లు అన్నేళ్లు ఆమెను శుభ్రం చేసి, పక్కకు తిప్పి, తినిపించినారు? చట్టం కింది హద్దు మాత్రమే చెప్తుంది.

మన హక్కులు కూడా చెప్పకపోతే ఈ వ్యాసం ఒక పక్కకే ఒరుగుతుంది. కాబట్టి గుర్తు పెట్టుకోండి.

కేసు షీటు కాపీ అడిగే హక్కు మనకు ఉంది. రాతపూర్వకంగా అడిగితే డాక్టరు 72 గంటల లోపు ఇవ్వాలని 2002 నియమాలు చెప్తున్నాయి. ఏ గంటకు ఏ మందు ఎవరు ఇచ్చినారో అందులో ఉంటుంది. నర్సు రాసిన పేజీలు కూడా అడగండి. వైద్యంలో రాయనిది చెయ్యనట్టే లెక్క.

నష్టం జరిగిందనుకుంటే, డబ్బు కట్టిన వైద్యమైతే, రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషనుకు పోవచ్చు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రి అయితే ఆ దారి లేదు, పై అధికారికి రాయాలి.

నర్సు నడత మీద నిజమైన ఫిర్యాదు ఉంటే రాష్ట్ర నర్సుల కౌన్సిలు ఉంది. 1926 నుంచి ఉన్నది అందుకే. ఆమె పేరు రిజిస్టరులో ఉందా అని కూడా అడగవచ్చు.

చెయ్యకూడనిది కూడా చెప్తాను. వార్డులో నర్సు మీద చేయి ఎత్తడం, అద్దాలు పగలగొట్టడం 2008 తమిళనాడు చట్టం కింద జైలుకు పంపే నేరం. ఫోటో తీసి ఊరంతా తిప్పడం వల్ల మనకు న్యాయం రాదు. ఆ ఫోటోలో వెనక మంచం మీద ఇంకో ఆడమనిషి కూడా కనిపిస్తున్నది. ఆమెను అడిగి తీసినామా?

తమ్ముడూ, నీకు ఒక మాట. కేసు షీటు కోసం దరఖాస్తు నేను రాసిస్తాను. రాత్రి డాక్టరు గురించి, తెలుగు మనిషి గురించి ఆసుపత్రి యాజమాన్యానికి మన సంఘం తరఫున లేఖ నేనే రాస్తాను. అరవంలో ఒకటి, తెలుగులో ఒకటి. కేసు షీటు చూసినాక ఆ నర్సమ్మ తప్పు నిజంగా తేలితే, అప్పుడు కౌన్సిలుకు కూడా నేనే రాసిస్తాను, అడిగిందా అడగలేదా అని ఈసారి ముందు విచారించి. అమ్మకు నయమైనాక ఒకసారి వచ్చి చూస్తాను.

ఆ ఫోటో మాత్రం ఈ రాత్రికే తీసెయ్యి.

ఇట్లు,
మీ సంఘం సభ్యుడు, రిటైర్డ్ రైల్వే గుమాస్తా, హోసూరు